అమాస అమాసకు మునిగిన సిమెంటు కంపెనీ

ఆ దినాలల్ల నాకు మూడు మస్తుగ ఉంటుండె: ఆకలి, నిద్ర, కుళ్లు. ఇప్పుడు ఆకలి సగమైంది, నిద్రకు గోలీ కావాలె, కుళ్లేమో పండగకు పబ్బానికి చుట్టపు చూపుగ వచ్చిపోతున్నది. ఇరవై నాలుగేండ్లప్పుడు అట్ల కాదు. ఎదుటి మనిషి కొత్త చెప్పులు తొడుక్కుంటే నా అరికాళ్లు మండుతుండె. పక్క మేడం టిఫిన్ డబ్బ మూత తీస్తే, నా డబ్బల కూడ అదే జొన్నరొట్టె, అదే పల్లిచట్నీ ఉన్నా సరే, ఆమెదే రుచి అనిపిస్తుండె (పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊకెనే అనలేదు). ఈ గుణం నాకు ఎవరి దిక్కు నుంచి వచ్చిందో తెల్వదు. మా నాయిన గద్వాల మార్కెట్ యార్డుల గుమస్త. తనకు రావల్సిన పెద్ద గుమస్త కుర్చీ పక్కాయనకు పోతే, ఆయనకే శాలువ కప్పి అందరికి కోవ పంచి వచ్చిన మనిషి. అసొంటి మనిషి కడుపున నేను పుట్టిన. ఆ కోవ ముక్క తినుకుంట కూడ, నాయిన మీద కాదు, ఆ పక్కాయన బిడ్డ మీద మండిపడ్డ.

అప్పుడు నేను వనపర్తిల ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీల కామర్స్ చెప్తుంటి. పిల్లలు నాకు పెట్టిన పేరు డెబిట్ మేడం. పేరు ఏదైతేంది, స్టాఫ్ రూముల నాకొక గద్దె ఉండె. ఎందుకంటే సిలబస్‌ల షేర్ మార్కెట్ పాఠం ఉండె, ఆ పాఠం నేను చెప్తుంటి. గందుకని మధ్యాహ్నం అన్నాలు తిన్నంక ప్రిన్సిపాల్ సార్ నుంచి చాయ పోసే ఆయమ్మ దాక అందరు నన్నే అడుగుతుండ్రి. ప్రిన్సిపాల్ సార్ దగ్గర ఒక సిమెంటు కంపెనీ షేర్లు ఉండె. "మేడం, మన సిమెంటు ఎట్లుంటది?" అని అడిగేటోడు. నేను గడ్డం కింద చెయ్యి పెట్టి, కిటికీల నుంచి చింత చెట్టు దిక్కు కాసేపు చూసి, "జర ఆగుండ్రి సార్" అంటుంటి. నా బతుకుల నేను ఒక్క షేరు కొనలేదు, అమ్మలేదు. కానీ "జర ఆగుండ్రి" అన్న మాట ఎప్పుడూ తప్పు పోదు. పెరిగితే ఆగినందుకు పెరిగింది, తగ్గితే ఇంకా ఆగలేదు. ఈ ఒక్క మాట మీద రెండేండ్లు రాజ్యమేలిన.

మూడో ఏడు రాకెట్ వచ్చింది.

రాకెట్ అంటే మా లెక్కల మేడం. రాకెట్ ఎగిరినట్టు గడగడ మాట్లాడుతదని పిల్లలు పెట్టిన పేరది. ఉప్పునుంతల దిక్కు రైతు బిడ్డ. నాకంటె ఏడాది చిన్నది. నా రూములనే కిరాయికి చేరి, మొదటి దినమే "అక్కా" అని పిలిచి, రెండో దినం నా బట్టలు కూడ ఉతికి ఆరేసింది. అసొంటి పిల్ల మీద కుళ్లుకోనీకె కారణం దొరకదు గద. నాకు దొరికింది. ఆమె జడ మోకాళ్ల దాక ఉండె.

ఒక శనివారం పగటిపూట మంచం మీద లాప్‌టాప్ పెట్టుకొని కూసున్నది. "అక్కా, గిది చూడు" అని పిలిచింది. తెర మీద రెండు గీతలు, ఒకటి నీలం, ఒకటి ఎర్రది. జంట జడలు అల్లినట్టు ఒకదాని వెంట ఒకటి లేస్తున్నయ్, దిగుతున్నయ్. నీలం గీత ప్రిన్సిపాల్ సార్ సిమెంటు షేరు అసలు ధర అంట. ఎర్రది దాని లాప్‌టాప్ ఒక దినం ముందుగాల చెప్పిన ధర అంట. న్యూరల్ నెట్‌వర్క్ అన్నది. అంటే ఏందే అని అడిగిన. "ఏం లేదక్కా. రోజూ మేతకు పోయొచ్చే బర్రెకు ఇంటి తొవ్వ ఎవరు నేర్పిండ్రు? పోయి వచ్చి, పోయి వచ్చి అదే నేర్చింది. గిది కూడ గట్లనే. పాత ధరలు చూపెట్టుకుంట పోతే, తప్పు చెప్పినప్పుడల్ల తనే సర్దుకుంటది. ఆఖరికి రేపటి ధర చెప్తది." బర్రె ముచ్చట నాకు బాగ అర్థమైంది. అర్థమైనందుకే ఇంకా ఎక్కువ మండింది. రెండేండ్ల సంది నేను "జర ఆగుండ్రి" అని నెట్టుకొచ్చిన పనిని, ఈ పిల్ల ఒక బర్రెను కట్టేసి చేస్తున్నది.

సోమవారం స్టాఫ్ రూముల ఆ గ్రాఫు గోడకెక్కింది. ప్రిన్సిపాల్ సార్ అన్నం తిని చెయ్యి కడుక్కొని సీదా రాకెట్ టేబుల్ కాడికి పోయిండు. పోయేటప్పుడు నా టేబుల్ పక్క నుంచే పోయిండు, ఆగలేదు. ఆయమ్మ కూడ అందరికంటె ముందు దానికే చాయ పోసింది (అంతకు ముందు మొదటి కప్పు నాది. నురుగు నాది. గిది చిన్న ముచ్చట అనుకునేటోళ్లు స్టాఫ్ రూముల పని చెయ్యనోళ్లు). ఇగ గోరుచుట్టు మీద రోకటి పోటు లెక్క అదే వారం కరస్పాండెంట్ సార్, అంటే కాలేజీ ఓనర్, ఒక మాట చెప్పిండు. వచ్చే ఏడు కొత్తగ కంప్యూటర్ లెక్కల కోర్సు పెడ్తున్నరంట, దానికి స్టాఫ్‌ల నుంచే ఒక ఇన్‌ఛార్జి కావాలంట. "మీల ఎవరికన్న గా షేర్ల సాఫ్ట్‌వేర్ వస్తే చేసి చూపెట్టుండ్రి. ఎవరిది బాగుంటె వాళ్లే ఇన్‌ఛార్జి," అన్నడు. చూసేది నా దిక్కే చూసుకుంట అన్నడు, నేను సీనియర్ గద. నాకు ఆ ఇన్‌ఛార్జి పని కావాలె. పనికన్న ఎక్కువగ, అది రాకెట్‌కు రావద్దు. గీ రెండో ముక్క అప్పుడు నాకు నేను కూడ చెప్పుకోలేదు.

రాకెట్ పిల్లల కోసమని ఆ సాఫ్ట్‌వేర్ ల్యాబుల కంప్యూటర్లల్ల కూడ వేసి పెట్టింది. నంబర్ల పట్టిక ఇచ్చి ఒక బటన్ నొక్కితే చాలు, అదే నేర్చుకుంటది. పాత ధరలు ఎక్కడ దొరుకుతయని దాన్ని ఒక్క మాట అడిగితే, నిమిషంల ఫైలు చేతుల పెట్టేది. అడుగుతనా? దాన్ని? తల తెగిపడ్డా అడగ. లైబ్రరీల పాత పేపర్ల కట్టలు ఉండె. వాటి ముందు కూసొని, రెండేండ్ల సిమెంటు షేరు ధరలు నా చేత్తోని రాసుకుంట పోయిన. లైబ్రరీ తాత "ఏందమ్మా, పీహెచ్‌డీ చేస్తున్నవా?" అని మంచినీళ్లు తెచ్చి ఇస్తుండె. దుమ్ముకు తుమ్ములు, కండ్లల్ల నీళ్లు. అయినా వదల్లే. రాకెట్ ధర ఒక్కటే ఇచ్చింది గద, నేను దానికంటె ఒక మెట్టు పైన ఉండాలని తిథులు కూడ కలిపిన. ఇది మా నాయిన తెలివి. యార్డుల పల్లికాయ ధర ఎట్ల నడుస్తదో తిథి చూసి చెప్పొచ్చని, అమాస దగ్గరికొస్తే హమాలీలు ఊళ్లకు పోతరని, గిరాకీ పడిపోతదని నాయిన చిన్నప్పటి సంది చెప్తుండె. గోడ క్యాలెండర్లు ముందర పెట్టుకొని పాడ్యమి, విదియ, తదియ అని అన్ని దినాలకు రాసిన.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె. మా దిక్కు యార్డు అమాసకు బందు. కాంటా పెట్టరు, వేలం పాట పాడరు. మేస్త్రీ ఇటుక ముట్టడు, కొత్త పని ఎవ్వరు మొదలువెట్టరు. చిన్నప్పుడు నాయినకు అన్నం డబ్బ తీసుకపోయినప్పుడు ఆయన ధరల రిజిస్టర్ చూస్తుంటి. ఆదివారం అస్సలు రాయడు. అమాస మాత్రం రాస్తడు: తారీఖు, దాని ముందర పెద్ద సున్న. ఎందుకు నాయినా అంటే, "ఆదివారం బందని అందరికి ఎరుకే బిడ్డా. అమాస ఒక నెల మంగళారం వస్తది, ఒక నెల శుక్రారం వస్తది. రేపు ఎవడన్న వచ్చి ఆ దినం ధర ఎంతుండె అని కొట్లాటకొస్తే జవాబుండాలె. ఖాళీ ఇడ్సిపెడ్తే ఎవడో ఒకడు ఏదో ఒకటి రాస్తడు. సున్న వెడ్తే ఎవ్వడూ ముట్టడు," అనేటోడు. గిది నా రక్తంల ఇంకిపోయింది. బంబైల శని, ఆదివారాలు షేర్ మార్కెట్ బందని నాకు తెలుసు (పాఠం చెప్తున్న గద), ఆ వరుసలు రాయలే. అమాసలు కనపడంగనే, పేపరు తెరవకముందే, ఎర్ర పెన్నుతోని సున్నలు పెట్టుకుంట పోయిన. అమాస తెల్లారి పేపర్ల ధర ఉంటది గదా అని మీరు అడగొచ్చు. ఉంటది. ఆ పేపర్లు తెరిస్తె గద! బందున్న దినం ధర ఎవరన్న చూస్తరా? పైగ దీపావళి అమాసకు షేర్ మార్కెట్ సెలవని మా పుస్తకంలనే ఉండె. ఒక అమాసకు బందైనోడు మిగిలిన అమాసలకు తెరుస్తడని ఏ కామర్స్ పుస్తకంల రాసి ఉన్నది?

పట్టిక ఎక్కించి బటన్ నొక్కిన. ల్యాబు కంప్యూటర్ అరగంట గుర్రుమని, వచ్చే పది దినాల ధరలు చెప్పింది. ఏడు దినాలు బాగనే ఉండె. ఎనిమిదో దినం సున్న. నేను కండ్లు నులుముకొని మళ్ల నొక్కిన. మళ్ల సున్న. గుండె గబగబ కొట్టుకున్నది. భయానికి కాదు, సంబురానికి. సిమెంటు కంపెనీ మునుగుతది! గీ సంగతి రాకెట్ బర్రెకు తెల్వదు, నా దానికి తెల్సింది! ఎనిమిదో దినం ఏ తిథి అని చూసుకునే తెలివి నాకు రాలే. కుళ్లు ముదిరినప్పుడు మనిషికి తను చూడాలనుకున్నదే కనపడ్తది.

ఊకోవాలె గద, ఊకోలే. తెల్లారి స్టాఫ్ రూముల ప్రిన్సిపాల్ సార్ చెవుల వేసిన. "సార్, వచ్చే వారం మీ సిమెంటు సున్న అయితది." సార్ చేతిల ముద్ద చేతిల్నే ఉండిపోయింది. "జర ఆగాల్నా మేడం?" అని అడిగిండు పాపం. "ఈసారి ఆగకుండ్రి సార్," అన్న. సార్ అన్నం సగంల లేచి ఫోన్ పట్టుకొని వరండల నుంచి అటు పోయిండు, ఇటు వచ్చిండు. తర్వాత తెల్సింది, ఆయన ఉన్న షేర్లన్ని ఆ సాయంత్రమే అమ్మేసిండు.

చూపెట్టే దినం వచ్చింది. గోడ మీద పెద్ద తెర. కరస్పాండెంట్ సార్ ముందర కుర్చీల, స్టాఫంత వెనుక. ముందుగాల రాకెట్ చూపెట్టింది. నీలం గీత, ఎర్ర గీత, అందరు చప్పట్లు. తర్వాత నేను. నేను పది దినాల ముచ్చటే చూపెడ్దామనుకున్న, కానీ ఏ బటన్ నొక్కిన్నో, రెండేండ్ల గీత మొత్తం తెర మీదికొచ్చింది. అది గీత కాదు, పేల దువ్వెన. పైన సక్కగ పోతది, ఉన్నట్టుండి నిలువునా నేలకు దిగుతది, మళ్ల తెల్లారే పైకి లేస్తది. మళ్ల దిగుతది, మళ్ల లేస్తది. కరస్పాండెంట్ సార్ కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ల పెట్టుకున్నడు. "ఏందమ్మా ఇది? గీ కంపెనీ నెలకొకసారి సచ్చి, తెల్లారి బతుకుతున్నదా?" అన్నడు. ఎవరో కిసుక్కున నవ్విండ్రు. ప్రిన్సిపాల్ సార్ నవ్వలే. ఆయన షేర్లమ్మి రెండు దినాలైంది, ఆ రెండు దినాలు కూడ సిమెంటు పెరిగింది.

భూమి పగిలితే బాగుండు అనుకుంటుండంగ, రాకెట్ లేచింది. "సార్, తప్పు నాది. ల్యాబుల సాఫ్ట్‌వేర్ నేనే వేసిన. ఖాళీ ఉన్నకాడ అదే సున్నలు వేసుకుంటున్నట్టుంది, నేను చూసుకోలే. అక్కది తప్పు కాదు," అన్నది. గడగడ మాట్లాడే పిల్ల గా నాలుగు ముక్కలు మెల్లగ, నెమ్మదిగ చెప్పింది. అందరు నమ్మిండ్రు. నా పరువు నిలబడ్డది. నిజం చెప్పాల్నంటె, ఆ క్షణంల నాకు దాని మీద ప్రేమ పుట్టలే. పెయ్యంత భగ్గుమన్నది. లెక్కలు దానికే, జడ దానికే, నురుగు చాయ దానికే. ఆఖరికి మంచితనం కూడ దానికే ఉండాల్నా దేవుడా, జరంత నాకు మిగలనియ్యవా!

రూముకు పోయినంక తలుపేసి మెల్లగ అడిగింది. "అక్కా, అమాసలకు సున్నలు ఎందుకు పెట్టినవ్?"

"బందు గద," అన్న.

"ఎవరు చెప్పిండ్రు?"

"మా నాయిన."

రెండు నిమిషాలు బిగవట్టుకున్నది పాపం. తర్వాత నవ్వింది చూడుండ్రి, మంచం మీద పడి, దిండు నోట్లె కుక్కుకొని, కండ్లల్ల నీళ్లొచ్చెదాక నవ్వింది. నాకు కూడ నవ్వొచ్చేదే, కానీ నేను కోపంల ఉంటి గద, మింగిన.

ఇన్‌ఛార్జి రాకెట్టే అని కరస్పాండెంట్ సార్ శుక్రవారం చెప్పేసిండు. ఆ సాయంత్రమే రాకెట్ ఫోన్ల వాళ్ల అన్నతోని మాట్లాడుడు విన్న. అన్న ఆ ఏడు పల్లికాయ అమ్మిండు. చెల్లె మిషను గిట్ల రేపటి ధర చెప్తదని తెల్సి, పంట పైసలన్ని సిమెంటు షేర్లల్ల పెడ్తడంట. "సోమవారం రా అన్నా, మధ్యాహ్నం లంచ్‌ల బ్యాంకుకు పోదం," అంటున్నది. నేను సంచి సదురుకొని గద్వాల బస్సెక్కిన. బీచుపల్లి వంతెన మీద అందరు కృష్ణమ్మకు రూపాయి వేసి దండం పెట్టుకుంటుంటె నేను కూడ వేసిన. ఏమని మొక్కుకున్ననో చెప్తే మీకు నా మొకం చూడబుద్ధి కాదు. దాని గ్రాఫు పాడుగావాలని మొక్కుకున్న.

ఇంట్ల నాయిన ముందర పంచాయితి పెట్టిన. నా అమాసల కథ విని నాయిన నవ్వలే, పరేషాన్ అయిండు. "అమాస నాడు తెరుస్తరా బిడ్డా? కాంటా ఎట్ల పెడ్తరు?" అని రెండు సార్లు అడిగిండు. తర్వాత, రాకెట్ అందరికి పంచిన గ్రాఫు కాగితం నా సంచిల ఉంటె తీసి ఇచ్చిన. "గిది చూడు నాయినా. గింత బాగ చెప్తున్నది దానిది." నాయిన కండ్లద్దాలు పెట్టుకొని, కిటికీ కాడికి పోయి, వెలుగుల శాన సేపు చూసిండు. అమ్మను అడిగి పల్చటి కాగితం తెప్పించిండు. గ్రాఫు మీద పరిచి పెన్సిల్‌తోని నీలం గీతను దాని మీద దించిండు. దించిన కాగితాన్ని ఒక్క దినం మేర పక్కకు జరిపిండు. నాయిన దించిన గీత పోయి ఎర్ర గీత మీద కూసున్నది. జంట జడలు కాదు, ఒకటే జడ.

"గీ ఎర్రది నిన్నటి ధరే బిడ్డా," అన్నడు నాయిన. "నిన్న ఎంతుండెనో ఇయ్యాల అంతే అని చెప్తున్నది గీ మిషను. ధర రోజూ జరజరంతే గద మారేది, చూసెటోళ్లకు శాన దగ్గరున్నట్టు కనపడ్తది. మా యార్డుల కొత్త గుమస్తలు ఎండకు బయటికి పోబుద్ధిగాక, నిన్నటి ధరనే కొంచెం అటిటు చేసి ఇయ్యాల్టి దాంట్ల రాస్తరు. నేను గిట్లనే పట్టుకుంట." ఆ గొప్ప బర్రెకు తొవ్వ తెల్వదన్న మాట. నిన్న పోయిన అడుగులల్లనే అడుగులు వేస్తున్నది.

అయ్యో, ఆ రాత్రి నేను ఎంత మంచిగ నిద్రపోయిన!

సోమవారం పొద్దున బస్సుల మళ్ల వనపర్తికి బయలెల్లిన. ఒళ్లె సంచి, సంచిల ఆ పల్చటి కాగితం. అప్పుడు మతికొచ్చింది, వాళ్లన్న ఇయ్యాలే వస్తున్నడు. నేను నోరు మూసుకొని కూసుంటె చాలు. పంట పైసలు పోతయ్, రాకెట్ మొకం మాడిపోతది, స్టాఫ్ రూముల నా గద్దె నాకొస్తది. నేనేం తప్పు చేసినట్టు కూడ ఉండదు, ఊకున్న, అంతే. ఒక్క నిమిషం అట్లనే ఊకుందామా అనిపించింది. అబద్ధమెందుకు, ఒక్క నిమిషం కాదు, పెబ్బేరు దాక అనిపించింది. పెబ్బేరుల మక్కకంకులు అమ్మెటామె కిటికీ కాడికొచ్చింది. కంకి కొనుక్కొని తినుకుంట ఆలోచిస్తె ఒక లోపం కనపడ్డది. పైసలు పోవాల్నంటె నెలలు పట్టొచ్చు. ఒకవేళ సిమెంటు పెరిగితే? నా కర్మ కాలి వాళ్లు బాగుపడ్తే? అదేగాక, దాని మొకం మాడేటప్పుడు నేను ఎదురుంగ ఉంటనో లేదో. ఇయ్యాలే చెప్తే, అందరి ముందర చెప్తే, మొకం ఇయ్యాలే చూడొచ్చు. ఇగో, గిందుకు చెప్పాలనుకున్న. దయ తల్చి కాదు, ధర్మం తల్చి కాదు. ఉత్త కుళ్లుతోని.

లంచ్ టైముకు స్టాఫ్ రూముల అందరు ఉండంగ నిలబడ్డ. గోడ మీది గ్రాఫు మీద పల్చటి కాగితం పెట్టి, ఒక్క దినం జరిపి చూపెట్టిన. "నిన్నటి ధరనే ఇయ్యాల్టిదని చెప్తున్నది రాకెట్ మేడం మిషను. గింత దానికి మిషనెందుకు, మన ఆయమ్మ చెప్పదా?" అన్న. బస్సుల మూడు సార్లు అనుకొని వచ్చిన మాట అది. ఆయమ్మ "నేను జెప్తనమ్మా" అన్నది కూడ. అందరు రాకెట్ దిక్కు చూసిండ్రు. నేను అందరికంటె ఎక్కువ చూసిన.

అది లేచి వచ్చింది. కాగితం తనే పట్టుకొని అటు జరిపింది, ఇటు జరిపింది. మొకంల రంగు దిగిపోయింది. నేను కోరుకున్న మొకం అదే. కానీ చూసి సంబురపడే లోపల్నే, "అన్నా!" అని వరండలకు ఉరికింది. వాళ్లన్న బయట బెంచి మీద సంచి ఒళ్లె పెట్టుకొని కూసున్నడంట, నేను లోపలికొచ్చేటప్పుడు చూడనే లేదు. బుర్ర మీసాలు, భుజం మీద తువ్వాల, మట్టి ఇంకిన కాళ్లు. రెండు నిమిషాలకు రాకెట్ ఆయన్ను లోపలికి గుంజుకొచ్చింది. నా మీద పడి గట్టిగ పట్టుకొని ఏడ్చింది. "అక్కా, నువ్వు చెప్పకపోతే మా అన్నను నా చేత్తోని ముంచుతుంటి. నా తప్పు కోసం ఆదివారం కూడ కూసొని పట్టుకున్నవా అక్కా?" వాళ్లన్న చేతులు జోడించిండు. "ఏడాది రెక్కల కష్టం మేడం గిది. మా చెల్లెకు గిసొంటి అక్క దొరికింది, మా అదృష్టం," అన్నడు. ఆ మనిషి కండ్లల్లకు చూడలేక నేను ఆయన తువ్వాల దిక్కు చూసిన. తేలు కుట్టిన దొంగ ఎట్లుంటడో నాకు ఆ దినం తెల్సింది. ప్రిన్సిపాల్ సార్ చప్పట్లు మొదలువెట్టిండు. అందరు కొట్టిండ్రు. ఆయమ్మ కొంగుతోని కండ్లు తుడుచుకొని నాకు చాయ పోసింది.

రాకెట్ అక్కడితోని ఆగలే. కరస్పాండెంట్ సార్ దగ్గరికి తనే పోయి, తన మిషను ఉత్తదని చెప్పి, పట్టింది అక్క అని చెప్పి, ఇన్‌ఛార్జి పని నాకే ఇయ్యమని కూసున్నది. ఇచ్చిండు. వారం దినాలు ఆ కుర్చీల కూసొని చూసిన. కుర్చీ మెత్తగనే ఉండె, నాకే కుదురు లేదు. ఓడిపోవుడు కూడ దానికి ఎంత అందంగ వస్తదో చూసి, మళ్ల మండింది. పాఠాలన్ని అదే తయారుచేసేది, నాకు నేర్పేది, క్లాసుల నేను చెప్తే వెనుక బెంచిల కూసొని నవ్వుకుంట చూసేది. నేర్చుకుంట నేర్చుకుంట ఎప్పుడు ఆమె నా చెల్లె అయిందో తెల్వలే. చెప్దామని ఎన్నోసార్లు అనుకున్న, నేను చేసింది ఎందుకు చేసిన్నో. ప్రతిసారి ఏదో ఒకటి అడ్డం వచ్చింది. ఎక్కువగ నా నోరే.

మొన్న నాగర్‌కర్నూల్ల వాళ్లు కొత్తింట్లకు పోయే పండుగకు పోయిన. ఇప్పుడు ఆమె సర్కారు లెక్చరరు. ఇల్లంత తిప్పి చూపెట్టింది. వంటింట్ల గ్రానైట్ గట్టు, గోడ నిండ అరలు (మా ఇంట్ల రెండే అరలు. ఏదో అంటున్న, అంతే). వాళ్ల బిడ్డ ఆరేండ్లది, తల్లి లెక్కనే గడగడ మాట్లాడుతది. రాకెట్ దాన్ని నా ముందరికి తోలి, "గీ పెద్దమ్మ ఎవరో తెల్సా? మీ మామను ముంచకుండ కాపాడింది. ఒకరు బాగుంటె ఓర్వలేకపోవుడు అంటే ఏందో తెల్వని మనిషి," అన్నది. ఆ పిల్ల నన్ను కింది నుంచి మీద దాక చూసి, "నిజమేనా పెద్దమ్మా?" అని అడిగింది. పిల్లలకు అబద్ధం చెప్పొద్దు గద, నిజం చెప్దామనే నోరు తెరిచిన. అప్పుడు లోపల్నుంచి ఇరవై నాలుగేండ్ల ఒక పిల్ల, మంచి మాటకు నోరెండిన అప్పటి డెబిట్ మేడం, నా కొంగు పట్టి గుంజింది. "ఊకో జర. లోకంల ఒక్కరన్న నన్ను మంచిదనుకోనీ," అన్నది. పాపం, దానికి అప్పుడు ఎవరున్నరు అట్ల అనేటోళ్లు? సరేలే అని నవ్వి, "మీ అమ్మ చెప్పినంక నిజం కాకుంటె ఎట్ల బిడ్డా," అన్న.